దిసారి తాత, నా టీకాల డబ్బా

నాకు నర్సు ఉద్యోగం వచ్చినప్పుడు ఇరవై మూడేళ్లు. తొంభైల మధ్యలో సంగతి. ముంచింగిపుట్టు దాటాక జీపు దిగి, గెడ్డ అనే కొండవాగు దాటి, గంటన్నర నడిస్తే వచ్చే కొండ ఊళ్లో సబ్‌సెంటరుకి వేశారు. మాది విజయనగరం పక్కన మైదానం ఊరు. ఆర్డరు కాగితం చూసి మా అమ్మ ఒక పూటంతా ఏడ్చింది. రెండో పూట లేచి, ముఖం కడుక్కుని, మా ఊరి పంతులుగారి దగ్గరికి వెళ్లి నేను డ్యూటీలో చేరాల్సిన రోజూ వేళా చీటీ మీద రాయించుకొచ్చింది. ఆ వేళ వచ్చేదాకా నేను ముంచింగిపుట్టులో ఒక టీ కొట్టు బెంచీ మీద రెండు గంటలు కూర్చుని, అప్పుడు వెళ్లి అక్కడి ఆసుపత్రి రిజిస్టరులో సంతకం పెట్టాను.

సబ్‌సెంటరంటే ఒకటే గది. ఒక మంచం, ఒక బల్ల, పిల్లల్ని తూచే కాటా, గోడ మీద నవ్వుతున్న బొద్దుపాప బొమ్మ. నెలలో ఒక బుధవారం టీకాలు వెయ్యాలి. తెల్లారకముందే రోడ్డు దాకా నడిచి వెళ్లి, జీపులో వచ్చే టీకాల డబ్బా అందుకుని, భుజాన వేసుకుని కొండెక్కాలి. నీలం రంగు ప్లాస్టిక్ డబ్బా, లోపల ఐసు, ఐసు మధ్యలో మందు సీసాలు. ఐసు కరిగేలోగా పని అయిపోవాలి.

మొదటి బుధవారం డబ్బా బల్ల మీద పెట్టుకుని పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. రెండు కుక్కలు వచ్చి చూసి పోయాయి. ఒక కోడి లోపలికొచ్చి మంచం కింద గుడ్డు పెట్టి అరుచుకుంటూ వెళ్లిపోయింది. పిల్లల తల్లి ఒక్కతీ రాలేదు. ఐసు కరిగి నీళ్లయింది.

నీళ్ల కుండతో వెళ్తున్న ఒకామెను ఆపి అడిగాను. "ఈ రోజు మంచిది కాదని దిసారి సెప్పేడు" అని, అంతకంటే చెప్పడానికేమీ లేనట్టు వెళ్లిపోయింది.

దిసారి అంటే ఆ ఊరికి రోజులు చెప్పేవాడు. విత్తనం ఎప్పుడు చల్లాలో, పెళ్లి ఎప్పుడు చెయ్యాలో, కొత్త మామిడికాయ ఎప్పుడు కొరకొచ్చో చుక్కల్ని చూసి ఆయనే చెప్పాలి. జబ్బు చేస్తే కొండదేవత జాకరమ్మకి కోడిని ఇచ్చేదీ ఆయన చేతి మీదే. నేను కోపంతో ఖాళీ డబ్బా భుజాన వేసుకునే ఆయన ఇంటికి వెళ్లాను. ఎర్రమట్టి అరుగు మీద కూర్చుని వెదురు బద్దలతో చేట అల్లుతున్నాడు. అరవై దాటిన మనిషి. ఎండిన పిప్పళ్ల తీగలా సన్నగా ఉన్నాడు.

"నువ్వేనా తాతా, టీకాలకి రావద్దన్నది?"

తల ఎత్తలేదు. "కూకోమ్మా."

"కూర్చోడానికి రాలేదు."

"నిలబడి తగువాడితే కాళ్లు నొప్పెడతాయి. కూకుని ఆడుకుందాం."

కూర్చున్నాను. ఆయన భార్య లోపలి నుంచి వచ్చి ఎండిన ఆనపకాయ బుర్రలో చోడంబలి, అంటే రాగుల అంబలి, తెచ్చి నా చేతిలో పెట్టింది. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు కాబట్టి తగువు కాసేపు ఆపి తాగాను. వాళ్లలో వాళ్లు ఒడియా కలిసిన తమ మాట మాట్లాడుకుంటారు. నాతో తెలుగు. అందులో పిల్లల్ని గుంటలంటారు.

"నాను రావొద్దననేదు. ఆ రోజు మంచిది కాదన్నాను. ఆ రోజు గుంటల ఒంట్లోంచి నెత్తురు సుక్క రాకూడదు."

"ఇలాంటి మూఢనమ్మకాల వల్లే పిల్లలు చచ్చిపోతున్నారు" అన్నాను. ట్రైనింగులో మాకు నేర్పిన మాట అది. చెప్పగానే అవతలివాళ్లు సిగ్గుపడతారని కూడా చెప్పారు.

ఆయనేమీ సిగ్గుపడలేదు. "నువ్వీ కొండ మీదకి ఒచ్చినపుడు ఎవుల్నీ అడక్కుండానే ఒచ్చేవా?"

అబద్ధమాడదామనుకున్నాను. కాని అంబలి ఇంకా నోట్లోనే ఉంది. పంతులుగారూ, చీటీ, టీ కొట్టు బెంచీ మీద రెండు గంటలూ, అంతా చెప్పేశాను. ఆయన చేట పక్కన పెట్టి, ఉన్న నాలుగు పళ్లతోనూ నవ్వాడు.

"మరి మీ పంతులు సెప్తే మంచి రోజు, నాను సెప్తే మూఢనమ్మకమేటి?"

నాకు నవ్వొచ్చింది. కోపంగా వచ్చినదాన్ని కదా, నవ్వు ఆపుకోడానికి బుర్రలోకి తల వంచాను. ఆయన అప్పుడు అసలు సంగతి అడిగాడు.

"సూదేసిన రేతిరి గుంటకి ఏటవుద్ది?"

"జ్వరం వస్తుంది. కాలు వాస్తుంది. రెండు రోజుల్లో తగ్గిపోతుంది."

"నీకు ముందొచ్చిన నరసమ్మ ఆ మాట సెప్పనేదు. ఏటీ అవదంది. రేతిరికి గుంటలు కాగిపోయేరు. తల్లులు నా కాడికొచ్చి ఏడిసేరు. ఏటీ అవదని సెప్పిన మనిసి, మంచి జరుగుద్దంటే ఎలా నమ్ముతారు? వచ్చే నెల బుధారం మంచిదే. నాను సెప్తాను. కాని సూది గుచ్చే ముందు జ్వరమొత్తాదని నువ్వు సెప్పాలి. దాయకుండా సెప్పాలి."

ట్రైనింగులో పద్దెనిమిది నెలలు కూర్చున్నాను. ఈ మాట ఎవరూ ఇంత సూటిగా చెప్పలేదు.

తర్వాతి నెల ఊళ్లో సగం మంది తల్లులు వచ్చారు. ఒక్కొక్కరికీ చెప్పాను, ఈ రాత్రి ఒళ్లు కాలుతుంది, పిల్ల ఏడుస్తుంది, తడిగుడ్డ వెయ్యి, ఈ గోళీలో సగం అరగదీసి పట్టు, భయపడకు అని. దిసారి తాత మెట్టు మీద కూర్చుని, నేను చెప్పిన ప్రతి మాటనీ వాళ్ల మాటలో మళ్లీ చెప్పాడు. మర్నాడు పొద్దున్నే ఇద్దరు తల్లులు నవ్వుకుంటూ వచ్చారు. "నువ్వు సెప్పినట్టే జ్వరమొచ్చింది నరసమ్మా!" అన్నారు, నేనేదో జోస్యం చెప్పి గెలిచినట్టు. ఆ రోజుతో నేనూ ఆ ఊళ్లో ఒక చిన్న దిసారినయ్యాను. ఆ నెల రానివాళ్లు పై నెల వచ్చారు.

పై నెల వాళ్లు వచ్చే ముందు తాత ఒక పని చేశాడు. కొండెక్కి వచ్చిన టీకాల డబ్బాకి పసుపు రాసి, బొట్టు పెట్టి, నాలుగు బియ్యపు గింజలు చల్లాడు. నేను వద్దనలేదు. మూత తియ్యనంత వరకూ పసుపు వల్ల మందుకి ఏమీ కాదు. కాని అదే రోజు మా సూపర్‌వైజరమ్మ చెప్పా పెట్టకుండా తనిఖీకి వచ్చింది. అప్పటికి మట్టిరోడ్డు గెడ్డ దాకా పడింది. అక్కడి నుంచి నడిచొచ్చి, ఆయాసపడుతూ, బల్ల మీద బొట్టు పెట్టుకుని కూర్చున్న డబ్బాని చూసింది.

"ఏంటమ్మా ఇది? చదువుకున్నదానివేనా? తుడిచెయ్ ముందు."

తుడిచేశాను. తిరిగి వెళ్లేటప్పుడు గెడ్డ దాకా సాగనంపడానికి నేనూ తాతా వెళ్లాం. గెడ్డ దాటాం. అవతల ఆవిడ జీపు నిలబడి ఉంది. ముందు బంపరుకి నల్లతాడు, తాడుకి ఒక నిమ్మకాయ, ఏడు పచ్చిమిరపకాయలు. తాత వాటిని వంగి వంగి చూశాడు.

"ఈ బండిక్కూడా టీకా ఏయించేరేటమ్మా?"

సూపర్‌వైజరమ్మ ఆయన్నీ చూసింది, నిమ్మకాయనీ చూసింది. డ్రైవరు అటు తిరిగి దగ్గాడు. ఆవిడ మంచిదే. కాసేపు బిగబట్టుకుని, ఆగలేక పెద్దగా నవ్వేసింది. ఆ తర్వాత డబ్బా మీద బొట్టు ఎన్నిసార్లు కనిపించినా మాట్లాడలేదు.

మరుసటేడు టీకాల రోజు శనివారానికి మారుస్తూ కాగితం వచ్చింది. శనివారం సంత. తల్లులు చింతపండూ, అడ్డాకులూ మోసుకుని తెల్లారేసరికే ముంచింగిపుట్టు దారిలో ఉంటారు. ఆ సంగతి కాగితం రాసినవాళ్లకి తెలీదు. నేను తాత దగ్గరికి వెళ్లి నసిగాను.

"నిన్న దాకా బుధారం మంచిదన్నావు. ఇయాల శనారం ఎందుకయింది?" అన్నాడు.

"పైవాళ్లు మార్చారు తాతా."

"పైవోల్లు ఎక్కడుంటారు?"

"పాడేరులో."

"ఆల్లకి పైన?"

"విశాఖపట్నంలో. వాళ్లకి పైన హైదరాబాదులో."

"ఆల్లని నువ్వు సూసేవా?"

"ఎక్కడ చూస్తాను? కాగితం వస్తుంది."

ఆయన గంభీరంగా తలూపాడు. "నాకు కలొత్తాది. నీకు కాయితమొత్తాది. ఇద్దరం సూడనోల్ల మాటే ఇంటన్నాం."

ఆ తర్వాత ఆయనే దారి చూపించాడు. శనివారం పొద్దున్నే తల్లులు సంతకి దిగేది గెడ్డ దాటే కదా, అక్కడే కూర్చోమన్నాడు. గెడ్డ ఒడ్డున చదునైన రాయి మీద డబ్బా పెట్టుకుని కూర్చున్నాను. తట్టలు దించి, పిల్లలకి సూది వేయించుకుని, తట్టలెత్తుకుని వెళ్లిపోయారు. ఏ కాగితంలోనూ అలా లేదు. అయినా నా జాబితాలో అప్పటిదాకా రాని పక్క ఊళ్ల పిల్లలు కూడా దొరికారు.

ఆ ఏటి వానాకాలంలోనే తాతకి చలిజ్వరం పట్టుకుంది. మూడు రోజుల దాకా నాకు చెప్పలేదు. నాలుగో రోజు ఆయన భార్య వచ్చి గుమ్మంలో నిలబడింది. "మీ తాత వణికిపోతన్నాడు. నాను పిలిసేనని సెప్పకు" అంది. ఆవిడని అందరూ మామ్మ అనేవారు, నేనూ అలాగే పిలిచేదాన్ని.

వెళ్లేసరికి రెండు గొంగళ్ల కింద దడదడలాడుతున్నాడు. అప్పటికే రెండు కోళ్లు ఇచ్చారు. నేను సూదీ గాజు పలకా తీశాను, వేలి నుంచి రక్తం చుక్క తియ్యడానికి. చెయ్యి గొంగళి లోపలికి లాక్కున్నాడు.

"వొద్దు."

"ఊరందరి పిల్లలకీ నా చేత పొడిపించావు. నీకు భయమా?"

"బయం కాదు." పళ్లు టకటకమంటుంటే ఒక్కో మాటా కూడదీసుకుని చెప్పాడు. "ఊరంతా గుమ్మంలోనే ఉంది, సూడు. నాను ఇచ్చిన కోడికి నా జ్వరమే తగ్గనేదంటే, రేపు ఆల్ల జ్వరానికి ఎవులి కాడికెల్తారు?"

నిజంగానే గుమ్మంలో పదిమంది నిలబడి ఉన్నారు. నాకు ముందు విసుగొచ్చింది. తర్వాత మా సూపర్‌వైజరమ్మ బొట్టు తుడిచెయ్యమన్నప్పటి ముఖం గుర్తొచ్చింది. ఆవిడకీ భయమే, సైన్సు పరువు పోతుందని. పరువు భయం అందరికీ ఉంటుంది. దానికి గోళీ లేదు.

పక్కన కూర్చుని గట్టిగా, గుమ్మంలో వాళ్లకి వినబడేట్టు అడిగాను. "తాతా, నా గోళీలు ఏ వేళకి వేస్తే మంచిదో చెప్పు. నువ్వు చెప్పిన వేళకే వేస్తాను."

ఆ వణుకులోనే కళ్లు తెరిచి నా వంక చూశాడు. కళ్ల మూలల్లో చిన్న నవ్వు. వేళ్లు మడిచి లెక్కపెడుతున్నట్టు చేశాడు.

"ఇప్పుడే మంచిది" అన్నాడు. "బేగి తే."

రక్తం చుక్క తీసి, మలేరియా గోళీలు నాలుగూ మింగించాను. మిగతావి తర్వాతి రోజుల్లో ఆయన చెప్పిన వేళకే ఇచ్చాను. ఆ వేళ విచిత్రంగా ప్రతిసారీ నేను వెళ్లిన వేళే అయింది. వారానికి లేచి అరుగు మీద కూర్చున్నాడు. చూడ్డానికొచ్చినవాళ్లు ఎవరి వల్ల తగ్గిందని వాదించుకున్నారు. తాత తీర్పు చెప్పాడు. "సగం కోడి, సగం గోళీ."

లోపల చేటలో బియ్యం చెరుగుతున్న మామ్మ చేట దబ్బున కింద పెట్టింది. "వారం రోజులు గంజి కాసి, ఒళ్లు తుడిసి, కక్కింది ఎత్తి పోసింది నాను. కోడికి సగం, గోళీకి సగం. మరి నాకేటి మిగిలింది?"

తాత మెల్లగా, "మిగిలింది నానే. తీసుకో" అన్నాడు. ఆవిడ మూతి విరిచింది కాని, ఆ పూట ఆయనకి గంజిలోకి ఎండుచేప కూడా కాల్చి పెట్టింది.

అప్పటి నుంచి ఊళ్లో ఎవరికి ఒళ్లు వేడెక్కినా తాత ముందు నా దగ్గరికే పంపేవాడు. ముందు రక్తం చుక్క, తర్వాత కోడి. ఇద్దరి పనీ సాగింది. మా ఇద్దరి పనీ సాగని రోజు కూడా ఒకటి వచ్చింది.

ఆ తర్వాతి ఏడు వానాకాలం మధ్యలో, పై కొండ ఊరి నుంచి ఒక తల్లి రెండేళ్ల పిల్లని ఎత్తుకుని వచ్చింది. జ్వరం వచ్చి అయిదు రోజులు. పిల్లకి ఫిట్స్ వస్తున్నాయి. నా గదిలో ఉన్న మందుకి అది లొంగేది కాదు. ఇద్దరు మగవాళ్లు వెదురు బొంగుకి దుప్పటి కట్టి డోలీ చేశారు. నేను ఒక పక్క, తాత ఒక పక్క, తల్లి వెనక, వానలో దిగాం. గెడ్డ పొంగి ఉంది. నీళ్లు తగ్గాలని ఒడ్డున నిలబడ్డాం. నేను తడిగుడ్డ వేస్తూనే ఉన్నాను. తాత మంత్రం చదువుతూనే ఉన్నాడు. నీళ్లు తగ్గేలోపే పిల్ల పోయింది.

తల్లి అరవలేదు. పిల్ల కాళ్లు దుప్పటితో కప్పింది, చలేస్తుందన్నట్టు. నేను ఏడుస్తూనే కోపంతో నోరు తెరిచాను. అయిదు రోజులు ఏం చేశావు, ముందే ఎందుకు తేలేదు అని అడగబోయాను. తాత నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఆమె దగ్గరికి వెళ్లి ఎదురుగా కూర్చున్నాడు.

"నువ్వు బేగినే తెచ్చేవు తల్లీ. నువ్వు సెయ్యాల్సింది సేసేవు. గెడ్డ దారియ్యనేదు. నీ తప్పేటీ నేదు."

అప్పుడు ఆమె ఏడ్చింది.

వెనక్కి నడుస్తూ నేను ఉండబట్టలేక అన్నాను. "అది అబద్ధం తాతా. ఆలస్యంగానే తెచ్చింది. జ్వరం వస్తుందని దాయకుండా చెప్పాలని నాకు నేర్పింది నువ్వే కదా?"

ఆయన నడుస్తూనే అన్నాడు. "అది ముందు జరగబోయేదమ్మా. నిజం సెప్తే జాగర్త పడతారు. ఇది అయిపోయింది. ఇపుడు నిజం సెప్తే ఆ గుంట లేసొత్తాదా? ఆ తల్లి ఇంకా నలభై ఏల్లు బతకాల."

ఆగి, వాన నీళ్లు ముఖం మీంచి తుడుచుకుని, "వచ్చే వారం పైకొండకెల్దాం. జ్వరమొచ్చిన రోజే తెమ్మని ఊరందరికీ సెప్దాం. ఆమెకి కాదు, ఊరికి" అన్నాడు.

వెళ్లాం. ఆ నిటారు కొండ ఆయన కర్ర పట్టుకుని ఎక్కితే, నేను ఆయన గొంగళి కొస పట్టుకుని ఎక్కాను. ఆ తల్లి మాకు దుంపలు ఉడకబెట్టి పెట్టింది. తర్వాతి ఏళ్లలో ఆ ఊరి నుంచి నా దగ్గరికి జ్వరం పిల్లల్ని మొదటి రోజే తెచ్చేవాళ్లు. ఎక్కువసార్లు వాళ్లని వెంటబెట్టుకు వచ్చింది ఆవిడే.

ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు అక్కడే ఉన్నాను. ఊళ్లో నాలుగు కుటుంబాలు చర్చిలో కలిశాయి. వాళ్లు దిసారిని రోజులు అడగడం మానేశారు. తాతకి కోపమొస్తుందేమో అనుకున్నాను. ఆయన మాత్రం టీకాల ముందు వాళ్ల పాస్టరు దగ్గరికి తనే వెళ్లి, "మీ ప్రార్థన అయ్యేక ఈ సూదుల మాట కూడా సెప్పు బాబూ" అని అడిగి వచ్చేవాడు. "కోపం లేదా తాతా?" అంటే, "ఆల్ల గుంటలకి జ్వరం ఏ దేవుణ్ణి మొక్కేరో సూసి ఒత్తాదేటి?" అనేవాడు.

రెండు వేలు దాటాక నాకు మైదానానికి బదిలీ అయింది. అప్పటికి నాకు పెళ్లయి పాప పుట్టింది, పాపని మా అమ్మ చేతిలో పెట్టి వచ్చేదాన్ని. బదిలీకి అర్జీ పెట్టుకున్నది నేనే. అయినా కాగితం వచ్చినప్పుడు రెండుసార్లు చదువుకున్నాను. తాతకి చెబితే చేట అల్లడం ఆపలేదు. "నీ గుంట నీ కాడుండాల. ఎల్లు" అన్నాడు. అంతే.

వెళ్లే రోజు పొద్దున నేను రిజిస్టర్లు సర్దుతుంటే మామ్మ వచ్చింది. తలకి నూనె రాసుకుని, పండగ చీర కట్టుకుని, మెళ్లో పూసల దండలన్నీ వేసుకుని వచ్చింది. నేరుగా వచ్చి మంచం మీద కూర్చుని చెయ్యి చాపింది.

"ఏటి మామ్మా, జ్వరమా?"

"జ్వరమూ నేదు, గిరమూ నేదు. ఇన్నేల్లున్నావు. ఊల్లో పుట్టిన గుంటకల్లా సూదేసేవు. కడుపుతో ఉన్నోల్లకేసేవు. మీ తాతకి ఏలు పొడిసేవు. నాకొక్కటీ ఎయ్యనేదు. నాను మనిసిని కానేటి?"

నవ్వొచ్చింది. ఆవిడకి ఏ సూది వెయ్యాలి? కట్టెల కోసం ముళ్లల్లో తిరిగే మనిషి, పనికొస్తుందిలే అని నాకు నేనే చెప్పుకుని ధనుర్వాతం రాకుండా వేసే టీటీ సీసా తీశాను. దూదితో తుడుస్తుంటే కళ్లు గట్టిగా మూసుకుని నా భుజం పట్టుకుంది. వేశాక ఒక కన్ను తెరిచింది.

"అయిపోయిందా? ఇంతేనా?"

"ఇంతే మామ్మా."

"దీనికా గుంటలు అంతలా ఏడిసేది?" అని లేచి, దూది ముక్కని చేతి మీద నొక్కి పట్టుకునే బయటికి వెళ్లింది. నా సామాను మోయడానికి వచ్చినవాళ్లు మెట్ల దగ్గర నిలబడి ఉన్నారు. వాళ్లందరికీ ఒక్కొక్కరికీ చీర భుజం మీంచి జరిపి చూపించింది. గెడ్డ దాకా మా ముందు నడుస్తూ, దారిలో ఎదురైన ప్రతివాళ్లనీ ఆపి, "నరసమ్మ నాకూ ఏసింది, సూడు" అని చెబుతూనే ఉంది. తాత వెనకాల కర్ర పోటేసుకుని వస్తూ, "ఇంక మూడు నెలలు ఇదే పాట" అని గొణిగాడు.